కప్ ఫైనల్లో రెండు జెండాలూ ఎగరనివ్వండి: టర్కీ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

టర్కీ బాస్కెట్‌బాల్ సమాఖ్య కార్యవర్గానికి, కప్ నిర్వాహకులకు, గలతసరాయ్, ఫెనర్‌బాచే అభిమాన సంఘాల పెద్దలకు,

నమస్కారం.

తెలుగు ఊళ్ళలో బాస్కెట్‌బాల్ టేబుల్ దగ్గర గడియారం నడిపేవాళ్ళం, స్కోరుషీటు రాసేవాళ్ళం, ఈల పట్టుకుని కోర్టులో తిరిగేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మీ దేశానికీ మాకూ మధ్య సముద్రాలున్నా టేబుల్ మీద తెరిచి పెట్టుకునేది ఒకే ఫీబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమావళి. ఆ చనువుతోనే రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. ఇస్తాంబుల్ ప్రత్యర్థి క్లబ్బులు గలతసరాయ్, ఫెనర్‌బాచే టర్కీ కప్ ఫైనల్లో ఎదురుపడిన రోజున ఇద్దరి అభిమానులూ హాల్లో ఉండాలి, సమాన సంఖ్యలో ఉండాలి. గొడవ భయంతో ఒక వైపును బయట ఉంచడమో, ఖాళీ కుర్చీల ముందు ఆడించడమో వద్దు. ఇది జరిగే పనేనని చెప్పడానికే ఈ వివరాలన్నీ.

2014 ఒక్క ఏడాదినే తీసుకోండి. ఆ ఏప్రిల్‌లో రష్యాలోని ఎకతెరిన్‌బర్గ్‌లో మహిళల యూరోలీగ్ ఫైనల్ జరిగింది. ఆడింది ఈ రెండు క్లబ్బులే. గలతసరాయ్ 69–58తో గెలిచింది. 40 నిమిషాల ఆట పూర్తిగా జరిగింది, కప్పు చేతులు మారింది, ఓడినవాళ్ళు మెడల్స్ వేసుకుని వెళ్ళారు. రెండు నెలల తర్వాత, జూన్‌లో, ఇదే రెండు క్లబ్బుల పురుషుల లీగ్ ఫైనల్ 3–3 దగ్గర నిలిచి, ఫెనర్‌బాచే సొంత హాలైన అటాషెహిర్‌లోని ఉల్కెర్ అరీనాలో ఏడో మ్యాచ్‌కు వచ్చింది. గలతసరాయ్ కోర్టులోకి రాలేదు. ఆట మొదలవ్వాల్సిన సమయం దాటి 15 నిమిషాలయ్యాక కూడా ఒక జట్టు రాకపోతే, లేదా అయిదుగురిని నిలబెట్టలేకపోతే, నియమావళి 20వ అధికరణ ప్రకారం ఎదుటి జట్టు 20–0తో గెలిచినట్టు. ఆ ఏడాది టర్కీ చాంపియన్‌ను తేల్చిన స్కోరు అదే. జెల్‌కో ఒబ్రదోవిచ్, ఎర్గిన్ అతామాన్ వంటి ఇద్దరు కోచ్‌లు, ఆరు మ్యాచ్‌ల చెమట, ఏడోదానికి బంతే గాల్లోకి లేవలేదు.

ఎవరిది తప్పు అన్న పంచాయితీ మేం చెయ్యం. ఇంత పెద్ద మ్యాచ్ ఒక పక్షం సొంత హాల్లో, ఒక పక్షం జనం మధ్యే జరగాల్సి వస్తే నమ్మకం ఎంత పలచబడుతుందో అక్కడ కనిపించింది. ఇస్తాంబుల్ డెర్బీల్లో, అంటే ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్‌లలో, బయటి జట్టు అభిమానుల్ని రానివ్వకపోవడం ఏళ్ళ తరబడి మామూలుగా సాగింది. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. హాలంతా ఒకే వైపు అరుస్తుంటే అంచు మీది ప్రతి నిర్ణయానికీ ఒకే తీర్పు వినిపిస్తుంది. రిఫరీ ఎంత గట్టివాడైనా ఆ అరుపు చెవిలో పడుతూనే ఉంటుంది. రెండు వైపులా జనం ఉన్నప్పుడు ప్రతి ఈలకూ సగం హాలు తిడుతుంది, సగం హాలు చప్పట్లు కొడుతుంది. రిఫరీకి అదే నయం.

లీగ్‌లో ఇది కష్టమని ఒప్పుకుంటాం. కప్ సంగతి వేరు. 1967లో తొలి కప్ ఫెనర్‌బాచేది. గలతసరాయ్ 1970లో, 1972లో, మళ్ళీ 1995లో గెలిచింది. ఫెనర్‌బాచే రెండో కప్ కోసం 2010 దాకా, అంటే 43 ఏళ్ళు ఆగింది. ఇన్నేళ్ళ ఆకలి రెండు వైపులా ఉంది కాబట్టే ఈ ఫైనల్‌కు అంత వేడి. ఇప్పటి పద్ధతిలో ఎనిమిది జట్లు ఒకే ఊళ్ళో చేరి, ఫిబ్రవరిలో ఒక్క వారంలో క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ ముగించుకుంటాయి. ఊరు మీరు ఎంచుకుంటారు, హాలు మీ చేతిలో ఉంటుంది, టికెట్లు మీవి. ఇంతకన్నా మంచి అవకాశం ఏ డెర్బీకీ దొరకదు.

ముందు ఊరి సంగతి. ఇస్తాంబుల్ వద్దు. ఉల్కెర్ అరీనా ఫెనర్‌బాచే ఇల్లు. సినాన్ ఎర్దెమ్ హాలు గలతసరాయ్ సొంత మ్యాచ్‌లు ఆడుకున్న చోటు. 2010 ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఇస్తాంబుల్‌తో పాటు అంకారా, ఇజ్మీర్, కైసేరి హాళ్ళు కూడా వాడారు. ఆ మూడూ పనికొస్తాయి. లెక్క చూపడానికి అంకారా అరీనాను తీసుకుందాం, సుమారు 10,400 కుర్చీలు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సెమీస్ అయ్యేదాకా ఫైనల్‌కు ఎవరొస్తారో తెలీదు. సెమీస్‌కూ ఫైనల్‌కూ మధ్య ఒకటి రెండు రోజులకు మించి ఉండదు. టికెట్లన్నీ ముందే అమ్మేస్తే ఫైనల్ రోజున ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో దేవుడికే ఎరుక. సెమీస్ అయ్యాక అమ్ముదామని ఆగితే రాత్రికి రాత్రి దళారుల చేతుల్లోకి పోతాయి. అందుకని మూడు వాటాలుగా పెట్టుకోండి. పక్షం లేని జనానికి, బడిపిల్లలకు, స్పాన్సర్లకు, అధికారులకు కలిపి 2,800 ముందే ఇచ్చెయ్యండి. ఇవన్నీ టేబుల్ వైపు, దాని ఎదుటి వైపు మధ్య భాగంలో ఉండాలి. ఒక్కో క్లబ్బుకు 3,500 చొప్పున రెండు భాగాలు తాళం వేసి ఉంచి, సెమీస్ చివరి బజర్ మోగాక ఫైనలిస్టులకు తెరవండి. సంఘం పేరున మూటగా వద్దు. మనిషి పేరు, గుర్తింపు సంఖ్యతో ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. మిగిలిన 600 కుర్చీలు ఎవరికీ అమ్మకండి. గుంపులు కలిసే సరిహద్దుల్లో పైనుంచి కిందదాకా ఖాళీగా ఉండి, గుడ్డ కప్పి కట్టేసి ఉండాలి. ఆ 600 టికెట్ల డబ్బు పోతుందని మీ ఖాతాల విభాగం అంటుంది. పోనివ్వండి. ఆట అరగంట ఆగితే టీవీ సమయం రూపంలో పోయేది అంతకన్నా ఎక్కువ.

ఇస్తాంబుల్ నుంచి అంకారాకు రోడ్డున దాదాపు 450 కిలోమీటర్లు. ఓ-4 రహదారి ఇజ్మిత్, సకార్యా, దూజ్జే, బోలు మీదుగా పోతుంది. హాల్లో గొడవ అవుతుందని అందరూ కాచుకుంటారు. ఒకే సమయానికి టీ కోసం రెండు పక్షాల బస్సులు ఒకే విశ్రాంతి స్థలంలో ఆగితే అక్కడ కాపలా ఎవరుంటారు? ఒక పక్షం బస్సులు గంటన్నర ముందు బయలుదేరాలి. వాళ్ళ విరామం దూజ్జే దగ్గరైతే రెండోవాళ్ళది బోలు సొరంగం దాటాక ఉండాలి. ఫిబ్రవరిలో బోలు కొండల్లో మంచు పడితే ముందు బస్సులు నెమ్మదించి, వెనకవాళ్ళు వచ్చి కలిసిపోతారు. అందుకే ఆ గంటన్నరలో ఒక్క నిమిషం కూడా కోయకండి. తిరుగు ప్రయాణంలోనూ ఒక పక్షం ముందు, ఒక పక్షం వెనక. ఎవరు ముందన్నది మాత్రం ఆట ఫలితాన్ని బట్టి. అది ఎందుకో కింద చెప్తాం.

గేట్ల లెక్క మా అనుభవంలో అందరూ తక్కువ వేసుకునేది. ఒక వరుసలో మనిషిని తడిమి, సంచి చూసి, టికెట్ స్కాన్ చెయ్యడానికి 12 సెకన్లు అనుకుంటే గంటకు 300 మంది. 3,500 మందికి ఆరు వరుసలు పెడితే ఇంచుమించు రెండు గంటలు, నాలుగే పెడితే మూడు గంటలు. కాబట్టి ఒక్కో వైపు ఆరు వరుసలు, వాటిలో కనీసం ఒకటి మహిళా సిబ్బందితో మహిళలకు. గేట్లు ఆటకు రెండున్నర గంటల ముందే తెరవాలి. ఆలస్యమైతే ఏమవుతుందో మీకు తెలిసిందే. జాతీయ గీతం వినపడగానే బయట ఉన్న వెయ్యి మంది ఒక్కసారి ముందుకు తోస్తారు. తనిఖీ చేసేవాడు చేతులెత్తేసి గేటు వదిలేస్తాడు. లైటర్లు, నాణేలు, మెషాలె కాగడాలు లోపలికి వచ్చేది ఆ పది నిమిషాల్లోనే.

ఇంకో మాట, చిన్నదే అనిపిస్తుంది. గలతసరాయ్ రంగులు పసుపు–ఎరుపు, ఫెనర్‌బాచేవి పసుపు–ముదురు నీలం. పసుపు ఇద్దరిదీ. గేటు దగ్గర బయటి ఊరి కుర్రాడిని నిలబెడితే, దూరం నుంచి మఫ్లర్‌లో పసుపు చూసి తప్పు దారికి పంపేస్తాడు. రెండో రంగు చూడమని ముందే చెప్పాలి, టికెట్ మీద ఆ భాగం రంగు పట్టీగా అచ్చు వెయ్యాలి. వాలంటీర్లకు మామూలుగా ఇచ్చే మెరిసే పసుపు జాకెట్లు ఆ రోజుకు పెట్టెలోనే ఉంచి, ఆకుపచ్చవి ఇవ్వండి. ఎరుపు, నీలం అయితే అసలే వద్దు.

ఇక లోపల ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి? దీని జవాబు నియమావళిలోనే ఉంది. షెడ్యూలులో మొదట పేరున్న జట్టు బెంచీ, అది కాపాడుకునే బుట్ట, టేబుల్ దగ్గర కోర్టు వైపు చూస్తూ కూర్చున్నవాడికి ఎడమ పక్క ఉంటాయి. ఎవరి పేరు మొదట అన్నది లాటరీ తీసి తేల్చండి. ఎవరి అభిమానుల్ని వాళ్ళ బెంచీ ఉన్న కొసనే, బుట్ట వెనక కూర్చోబెట్టండి. అప్పుడు మొదటి రెండు క్వార్టర్లలో ప్రతి జట్టూ ఎదుటివాళ్ళ అభిమానులున్న బుట్ట మీద దాడి చేస్తుంది, ఫ్రీ త్రోలు ఆ ఈలల హోరులోనే వేస్తుంది. రెండో సగంలో బుట్టలు మారతాయి కాబట్టి తన జనం ముందే వేస్తుంది. ఓవర్‌టైమ్ వచ్చినా నాలుగో క్వార్టర్ దిశే కొనసాగుతుంది. రెండు జట్లకూ కష్టం సమానం, సుఖం సమానం. అన్నిటికన్నా ముఖ్యం, ఎదుటి జట్టు రిజర్వు ఆటగాళ్ళు, కోచ్ మీ అభిమానుల చేతికందే దూరంలో ఉండరు. కొందరు దీన్ని తిరగేసి, బెంచీ వెనక శత్రువు జనాన్ని పెడతారు. టైమ్‌అవుట్‌లో కోచ్ బోర్డు మీద గీస్తుంటే నెత్తిన నీళ్ళు పడేది అప్పుడే.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మూతపెట్టి నిండుగా ఉన్న అర లీటరు సీసా పై వరుస నుంచి కోర్టు దాకా సూటిగా వస్తుంది. అదే నీళ్ళు మూత లేని కాగితం గ్లాసులో ఉంటే రెండు వరుసలు దాటకముందే చిందిపోతాయి. లోపల అమ్మేది గ్లాసుల్లోనే అమ్మండి. మేపుల్ చెక్క నేల మీద అరచేతి వెడల్పు తడి చాలు, పరుగున వచ్చిన ఆటగాడి పాదం జారి మోకాలు మెలిపడడానికి. నేల తుడిచేవాళ్ళు ఒక్కో బుట్ట దగ్గర ఇద్దరుండాలి. వెడల్పాటి మాప్ ఒకటి, చేతి తువ్వాళ్ళు నాలుగు. ఈ పనికి సాధారణంగా స్థానిక జూనియర్ జట్ల పిల్లల్ని పెడతారు. నాణెం ఒకటి పక్కన పడిందంటే ఆ పిల్లలు బుట్ట కిందికి రావడానికి భయపడతారు, వాళ్ళ తప్పేం కాదు. ఈ ఒక్క మ్యాచ్‌కు పెద్దవాళ్ళను పెట్టండి.

టేబుల్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాం, అది మా ఇల్లు కాబట్టి. పది వేల మంది ఈలల్లో రిఫరీ ఈల వినపడదు. గడియారం నడిపేవాడు, షాట్ క్లాక్ (దాడి చేసే జట్టుకు షాట్ వెయ్యడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం) నడిపేవాడు చెవితో కాక కంటితో పనిచెయ్యాలి, పైకి లేచిన రిఫరీ చెయ్యి చూడాలి. అందుకే టేబుల్ ముందు ఒక్క కెమెరామన్ కూడా మోకాలు వంచి కూర్చోకూడదు. షాట్ తప్పాక దాడి చేసే జట్టే రీబౌండ్ తీసుకుంటే షాట్ క్లాక్ 14 సెకన్లకు, ఎదుటి జట్టు చేతికి బంతి పోతే 24కు. అర సెకను చూపు అడ్డుపడితే తప్పు బటన్ నొక్కుతారు. ఆ తప్పును హాలంతా కుట్ర అనుకుంటుంది. బుట్ట వెనక బోర్డు చుట్టూ క్వార్టర్ ముగింపుకు ఎర్ర దీపం, షాట్ క్లాక్‌కు పసుపు దీపం గడియారంతో పాటే వెలుగుతున్నాయో లేదో రెండు బుట్టల దగ్గరా ఆటకు ముందు వేర్వేరుగా చూడండి. చివరి షాట్ చెయ్యి వదిలిందా లేదా అని తెర మీద తేల్చేది ఆ దీపాలే. రిఫరీలు చూసే తెర జనానికి కనపడకూడదు. నిర్ణయం సైగ చేసేదాకా పెద్ద తెర మీద ఆ దృశ్యం వెయ్యకూడదు. టేబుల్ వెనక మూడు వరుసలు ఎవరికీ ఇవ్వకండి.

మైకు పట్టుకునేవాడు కూడా అధికారే అని గుర్తుంచుకోండి. తటస్థ హాల్లో ఒక జట్టు బుట్ట వేస్తే ఇల్లెగిరిపోయేలా, ఇంకో జట్టు వేస్తే గొణిగినట్టు పేరు చెప్పడం కుదరదు. ఒకే గొంతు, ఒకే నిడివి.

ఆట ఆగాల్సి వస్తే ఏం చెయ్యాలో ముందు రోజు సమావేశంలోనే కాగితం మీద రాసి రెండు క్లబ్బుల సంతకాలు తీసుకోండి. మా సూచన మూడు మెట్లు. మొదటిసారి వస్తువు పడితే మైకులో హెచ్చరిక. రెండోసారి జట్లు బెంచీలకు, అయిదు నిమిషాలు. మూడోసారి డ్రెస్సింగ్ గదులకు, వస్తువు వచ్చిన ఆ ఒక్క బ్లాకు ఖాళీ, ఆ తర్వాత ఆట ఆగిన చోటి నుంచే కొనసాగింపు. ఎవరి బ్లాకు తప్పు చేస్తే ఆ బ్లాకే ఖాళీ అవుతుంది, హాలు కాదు. ఆట ఆగిన క్షణాన స్కోరర్ ఒక కాగితం మీద ఇవి రాయాలి: క్వార్టర్, గడియారంలో మిగిలిన సమయం (చివరి నిమిషమైతే పదో వంతు సెకనుతో సహా), షాట్ క్లాక్, స్కోరు, బంతి ఎవరిది, పొజెషన్ బాణం (తర్వాతి జంప్ బాల్ వేళ బంతి ఎవరికో చూపేది) ఎటు, జట్ల ఫౌల్స్, మిగిలిన టైమ్‌అవుట్‌లు. మ్యాచ్ కమిషనర్, ముఖ్య రిఫరీ సంతకం పెట్టాలి. గడియారం నడిపే కన్సోల్‌కు ఫోటో కూడా తియ్యండి. అరగంట ఆగినప్పుడు ఎవరో తీగ తన్నడం, కన్సోల్ మొత్తం సున్నాలకు వెళ్ళిపోవడం జరగనిదేం కాదు. మళ్ళీ మొదలుపెట్టే ముందు ఆటగాళ్ళకు ఒళ్ళు వేడెక్కడానికి కనీసం అయిదు నిమిషాలు ఇవ్వండి. చల్లబడ్డ పిక్కలతో పరిగెత్తించడం ప్రమాదం.

శిక్షల విషయంలో మీ దగ్గర 2011 నుంచి 6222 నంబరు చట్టం ఉంది. తప్పు చేసిన మనిషిని ఆటల నుంచి నిషేధించి, మ్యాచ్ వేళల్లో పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించే ఏర్పాటు అందులోనే ఉంది. పేరుతో టికెట్, కుర్చీ సంఖ్య, ఆ కుర్చీని చూసే కెమెరా, ఈ మూడూ ఉంటే నాణెం విసిరిన చెయ్యి ఎవరిదో తేలుతుంది. ఆ ఒక్కడి బదులు 3,499 మందిని శిక్షించే అవసరం రాదు. జిల్లా క్రీడా భద్రతా మండలి ముందు ఈ ఏర్పాటు పటం పెట్టి, దీనికి ఒప్పుకోమని అడగాల్సింది మీరు. ప్రేక్షకుల్ని వద్దనడం వాళ్ళకు తేలికైన దారి. ఆట తరఫున వాదించడానికి ఆ గదిలో ఎవరో ఒకరు ఉండాలి.

గలతసరాయ్ అభిమాన సంఘం అల్ట్రాస్లాన్, ఫెనర్‌బాచే అభిమాన సంఘం గెంచ్ ఫెనర్‌బాచేలిలర్ మిత్రులారా, మీతో రెండు మాటలు. మీరు పరిచే పెద్ద గుడ్డలు, కర్రలు ముందు రోజే హాలుకు చేర్చి తనిఖీ చేయించుకోండి. మ్యాచ్ రోజు గేటు దగ్గర విప్పి చూపించాలంటే వెనక మూడు వేల మంది నిలబడిపోతారు. గుడ్డ దించేటప్పుడు అగ్నిమాపక దారి, మెట్లు కప్పకండి. ఇంట్లో ఆడవాళ్ళను లాగే నినాదాలు మీ క్లబ్బుకు జరిమానా తెస్తాయి, రేపు మీ సొంత హాలే మూయిస్తాయి. ఆ నినాదం ఎత్తుకున్న కుర్రాడి భుజం మీద మొదట పడాల్సిన చెయ్యి మీ డప్పు కొట్టేవాడిది, పోలీసుది కాదు. ఫ్రీ త్రో దగ్గర ఎంతైనా ఈల వెయ్యండి, చెవులు చిల్లులు పడనివ్వండి, దాని కోసమే మేం చూస్తాం. చేతిలో వస్తువు మాత్రం వద్దు. మీరు విసిరిన లైటర్ మీ ఆటగాడి కాలి కిందే పడొచ్చు. రెండో సగంలో మీ వైపు బుట్ట మీద దాడి చేసేది మీవాళ్ళే కదా.

చివరి బజర్ తర్వాతి అరగంట చాలామంది పట్టించుకోనిది. ఓడిన జట్టుకు మెడల్స్ ముందు ఇచ్చి, వెంటనే డ్రెస్సింగ్ గదుల దారిలోకి పంపండి. గెలిచినవాళ్ళ సంబరం చూస్తూ నిలబడే శిక్ష ఎవరికీ అవసరం లేదు. ఓడిన పక్షం జనం ఎలాగూ ఉండరు, వాళ్ళ గేట్లే ముందు తెరవండి, వాళ్ళ బస్సులే ముందు కదలాలి. గెలిచినవాళ్ళు కప్పు ఎత్తేదాకా తమంతట తామే అక్కడే ఉంటారు. ఎవరినీ బలవంతంగా ఆపకుండానే 25, 30 నిమిషాల ఎడం వస్తుంది. ఈ వరుస మ్యాచ్ అయ్యేదాకా తెలీదు కాబట్టి డ్రైవర్లు రెండు వైపులా ఇంజిన్లు సిద్ధంగా ఉంచుకోవాలి. రెండు పార్కింగ్ స్థలాలూ హాలుకు చెరో పక్క, వేర్వేరు రోడ్ల మీద ఉండాలి. ఒకే రోడ్డైతే పైన చెప్పినదంతా గాలికి పోతుంది. కోర్టు మీద కాగితం ముక్కలు చల్లే యంత్రాన్ని ఓడినవాళ్ళ బ్లాకు ఖాళీ అయిందని వాకీటాకీలో కబురు వచ్చాకే ఆన్ చెయ్యండి.

ఈ పటం, లెక్కలు మీ హాలుకు తగ్గట్టు మార్చుకోండి, కుర్చీలు తగ్గితే వాటాలు అదే నిష్పత్తిలో తగ్గించండి. ఏ హాలైనా రెండు పక్షాల సంఖ్య మాత్రం ఒక్క కుర్చీ తేడా లేకుండా ఉండాలి. వచ్చే కప్ వేదిక ప్రకటించేటప్పుడే, ఏ రెండు జట్లు ఫైనల్‌కు వచ్చినా ఇద్దరి అభిమానులకూ చోటు ఉంటుందన్న మాట కూడా ఆ ప్రకటనలోనే రాయండి.

ఇట్లు,
తెలుగునాట బాస్కెట్‌బాల్ రిఫరీలు, టేబుల్ అధికారులు కొందరు